సెటిలైన వారమా?

వాక్యభాగములు: యిర్మీయా 48:11, లూకా 19:1-10



గత డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా సంఘస్థులు ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇచ్చారు. పాస్టరుగారికి గొంతు పట్టేయడంతో చదివే పని నా మీద పడింది. ఒక్కొక్క చీటీ విప్పి చదువుతున్నాను. “మా పెద్దబ్బాయి బెంగుళూరులో సెటిల్ కావాలి.” “అమ్మాయి సంబంధం ఈ ఏడైనా సెటిల్ కావాలి.” “బ్యాంకు లోను సెటిల్ కావాలి.” “అన్నదమ్ముల పొలం తగాదా సెటిల్ కావాలి.” “ఆపరేషను అయ్యాక నాన్నగారి కడుపు ఇంకా సెటిల్ కాలేదు.” ఒక చీటీలో మనవి లేదు, స్తోత్రమే ఉంది: “ఇల్లు పూర్తయింది. ఇంక మేము సెటిలైనట్టే. దేవునికి మహిమ.”

ముందు బల్ల మీద కూర్చున్న మా మనుమరాలు ఆరాధన అయ్యాక నా కండువా పట్టుకుని అడిగింది: “తాతయ్యా, అందరూ ఒకటే అడిగారు గదా, సెటిల్ అంటే ఏంటి?”

నేను ముప్పై ఆరేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని. ట్రైనింగులో మా గురువుగారు పదే పదే చెప్పేవారు, పిల్లవాడు అడిగిన మాటకు అర్థం తెలియకపోతే తెలియదని చెప్పండి, మర్నాడు తెలుసుకుని వచ్చి చెప్పండి అని. “రేపు చెబుతానమ్మా” అన్నాను. ఆ రేపు రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో ఈ ప్రసంగము చివర తెలుస్తుంది.

మొదట నిఘంటువు తీశాను. ఈ ఇంగ్లీషు మాట పుట్టుక చాలా సామాన్యమైనది. పాత ఇంగ్లీషులో దానికి మూలమైన మాటకు ఆసనము, కూర్చునే చోటు అని అర్థం. ఇప్పటికీ ఆ దేశములో వీపు ఎత్తుగా ఉండే పాతకాలపు చెక్కబల్లను సెటిల్ అనే పిలుస్తారు. కాబట్టి సెటిల్ కావడమంటే ముందుగా ఒక చోట కూర్చోవడం. దాని నుంచి ఒక ఊళ్లో నివాసముండడం, మనసు నెమ్మది పడడం, లేచిన దుమ్ము అణగడం, నీళ్లలో మట్టి అడుక్కు దిగడం, ఇవన్నీ వచ్చాయి. అయితే తగవు తీర్చుకోవడం, లెక్క చెల్లించడం అనే అర్థాల దగ్గర ఇంకొక మాట వచ్చి ఇందులో కలిసిందని పండితులు చెబుతారు. పాత ఇంగ్లీషులో సమాధానము, రాజీ అనే అర్థమిచ్చే వేరొక మాట ఉండేది. పలకడంలో దగ్గరగా ఉండడం వల్ల అది క్రమంగా ఈ మాటలోకి కొంత చేరిపోయిందట. అంటే ఒకే చొక్కాలో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు కూర్చునేవాడు, ఒకడు సమాధానపడేవాడు.

మన తెలుగులో ఈ ఇద్దరూ ఒక చొక్కా తొడుక్కోలేదు. ఇది గమనించండి, ఈ ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది.

కూర్చునేవాడికి మనకున్న మాట కుదురు. బిందె దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్టను కుదురు అంటాము. మా అమ్మ కాలువ నుంచి నీళ్లు తెచ్చి గాబు పక్కన కుదురు మీద దించేది. ఆ మాట నుంచే సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, జబ్బు కుదిరింది, మనసు కుదుటపడింది, కుదురుగా కూర్చో అని ఎన్నో అంటాము. ఇంగ్లీషువాడి సెటిల్‌కు దాదాపు సరిజోడు. కాని బాకీ దగ్గరికి వచ్చేసరికి మనము కుదిరింది అనము. బాకీ తీరింది అంటాము. తగవు తీరింది అంటాము. ఋణము తీరింది అంటాము. కుదరడం వేరు, తీరడం వేరు. మన పెద్దవాళ్లు ఆ రెండిటినీ రెండు మాటలుగా ఉంచారు.

ఇప్పుడు మనము రెండిటినీ కలిపి సెటిలైంది అంటున్నాము. అలా అన్నప్పుడు కుదిరిందా, తీరిందా అని ఎవరూ అడగరు. మనల్ని మనమూ అడుక్కోము.

బైబిలులో ఈ మాట ఎక్కడెక్కడ ఉందో చూద్దామని 1611లో అచ్చయిన జేమ్స్ రాజు కాలపు ఇంగ్లీషు బైబిలును, మన తెలుగు బైబిలును పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఎంతో మంచి సంగతులు దొరికాయి. 119వ కీర్తన 89వ వచనములో దేవుని వాక్యము పరలోకములో సెటిలై ఉందని ఆ ఇంగ్లీషు చెబుతుంది. మనది నిలకడ అంటుంది. సామెతలు 8:25లో పర్వతములు తమ స్థానములో సెటిల్ కాకమునుపే జ్ఞానము ఉన్నది. కొలొస్సయులకు 1:23లో విశ్వాసమందు పునాది మీద నిలిచినవారు సెటిలైనవారు. అక్కడి గ్రీకు మాటకు మూలం కూడా ఆసనము అనే మాటే. అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రిక 5:10లో, కొంచెము కాలము శ్రమపడిన పిమ్మట దేవుడే మిమ్మును సెటిల్ చేస్తాడని రాశాడు. గ్రీకులో అది పునాది వేయడం. శ్రమపడిన పిమ్మట అన్నాడు. మన చీటీలలో ఆ శ్రమ లేకుండా తరవాతి భాగమే అడిగాము.

ఇవన్నీ తియ్యని వచనములు. ఇక్కడే ఆపి ఉంటే మనుమరాలికి మర్నాడే జవాబు చెప్పి ఉండేవాణ్ని. కాని యిర్మీయా 48:11 తగిలింది.

అక్కడ దేవుడు మోయాబు గురించి మాట్లాడుతున్నాడు. మోయాబు చిన్నతనము నుంచి నెమ్మదిగా ఉన్నాడు, చెరలోకి పోలేదు, ఒక కుండలో నుంచి ఇంకొక కుండలోకి పోయబడలేదు, తన మడ్డి మీదనే నిలిచిపోయాడు, అందుకని వాని రుచి, వాని వాసన మారలేదు అంటాడు. ఇంగ్లీషు బైబిలులో అక్కడున్న మాట సెటిల్. జెఫన్యా 1:12లో మళ్లీ అదే మాట, అదే మడ్డి. అలా మడ్డి మీద సెటిలైనవారు దేవుడు మేలూ చేయడు, కీడూ చేయడు అని మనసులో అనుకుంటారు. వారిని వెదకడానికి ఆయన దీపములు పట్టుకుని యెరూషలేమంతా తిరుగుతాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో తాగేది కాలువ నీళ్లే. కొత్త నీరు వచ్చినప్పుడు బిందె నిండా ఎర్రమట్టి. అమ్మ చిల్లగింజను రాయి మీద అరగదీసి ఆ గంధం నీళ్లలో కలిపేది. తెల్లవారేసరికి మట్టి అడుక్కు దిగి నీళ్లు తేరుకునేవి. అయితే అమ్మ అక్కడితో ఆగేది కాదు. పైనున్న తేట నీటిని మెల్లగా వంచి వేరే బిందెలో పోసి, అడుగునున్న మడ్డిని పారబోసేది. ఒకసారి నేను తొందరపడి ఆ పాత బిందెలోనే చెంబు ముంచాను. క్షణంలో మళ్లీ ఎర్రగా అయిపోయింది. తేరుకున్న నీళ్లంటే మురికి పోయిన నీళ్లు కావు. మురికి కనబడకుండా అడుగున కూర్చున్న నీళ్లు. ఈ కుండలో నుంచి ఆ కుండలోకి పోస్తేనే అవి శుభ్రమయ్యేది. ద్రాక్షారసమూ అంతే. దేవుడు మోయాబు విషయంలో చెప్పింది ఆ పని జరగలేదనే.

ఈ పత్రిక చదివేవారందరమూ ఒక కుండలో నుంచి ఇంకొక కుండలోకి పోయబడ్డవాళ్లమే. బొంబాయి కామాటిపురాలో, షోలాపూరు మగ్గాల మధ్య, కోలారు బంగారు గనుల లైన్లలో, ఒరిస్సా రైలు పట్టాల పక్కన మన తాతలు బతుకు వెదుక్కున్నారు. 2001లో ఆ గనులు మూతపడినప్పుడు ఎన్ని తెలుగు, తమిళ కుటుంబాలు మళ్లీ కుండ మారాయో మనకు తెలుసు. అక్కడ కూడా ఈ మాటే వినబడింది, ఫైనల్ సెటిల్మెంట్ అని. పనివాడి చేతిలో డబ్బు పెట్టి, ఇల్లు కదలమనే కాగితానికి కూడా సెటిల్మెంట్ అనే పేరు పెట్టగలిగిన మాట ఇది!

మా సంగతి చెబుతాను. 1953లో తుంగభద్ర డ్యాము నుంచి నీళ్లు వదలడం మొదలయ్యాక రాయచూరు జిల్లా ఎడమ కాలువ కిందికి కోస్తా నుంచి రైతులు వచ్చారు. వాళ్ల వెనుక, వాళ్ల పొలాల్లో చెయ్యడానికి మనవాళ్లు వచ్చారు. మా నాన్న 1958లో వచ్చాడు. ఆ రైతులు గుడిసెలు వేసుకున్న చోట్లకు క్యాంపు అని పేరు పడింది. డెబ్బై ఏళ్లు కావస్తున్నా, డాబాలు లేచినా, రైసు మిల్లులు లేచినా, బస్సు బోర్డు మీద ఇప్పటికీ క్యాంపు అనే ఉంటుంది. నాకు ఆ పేరంటే ఇష్టము. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములో అబ్రాహాము వాగ్దాన దేశములో కూడా గుడారములలోనే నివసించాడు. దేవుడు మన ఊరి బోర్డు మీదనే ఆ వచనమును రాయించి పెట్టాడు గాని మనము చదవడం లేదు.

గుడారము నుంచి మొదలుపెట్టి ఆసనము దాకా వెళ్లినవాడు ఒకడున్నాడు, లోతు. ఆదికాండము 13లో అతడు సొదొమ వైపుకు గుడారము వేసుకున్నాడు. 14వ అధ్యాయానికి సొదొమలోనే కాపురమున్నాడు. 19వ అధ్యాయానికి ఊరి గవిని దగ్గర కూర్చుని ఉన్నాడు. గవిని దగ్గర కూర్చునేవారు పెద్దమనుషులు. మన భాషలో చెప్పాలంటే లోతు సెటిలయ్యాడు. ఆ తరవాతి కథ మీకు తెలుసు.

ఈ మాట చేసిన ఇంకొక పనిని కూడా చెప్పకుండా దాటలేను. తెల్లదొరలు 1793లో బెంగాలులో, 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లో శాశ్వత సెటిల్మెంట్ తెచ్చారు. అందులో శిస్తు కుదిరింది జమీందారుకు. దున్నేవాడికి ఏమీ కుదరలేదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టము ఆ తరవాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, ఎరుకలవారి వంటి కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. వారిని సెటిల్మెంట్లలో పెట్టి, రోజూ హాజరు వేసి, అనుమతి చీటీ లేకుండా బయటికి పోనివ్వలేదు. స్టువర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి చేతిలో ఉండేది. కావలి సెటిల్మెంటును నడిపింది మన అమెరికన్ బాప్టిస్టు మిషనువారే. వారు అక్కడ బడి పెట్టారు, పని నేర్పారు, సువార్త చెప్పారు. అది నిజము. తిరిగే మనుషులను బలవంతంగా కూర్చోబెట్టే చట్టానికి తాళంచెవి పట్టుకున్నారు. అదీ నిజము. 1952లో ఆ చట్టము రద్దయింది గాని ముద్ర అంత త్వరగా పోలేదు. మిషను చరిత్ర చెప్పేటప్పుడు మనము మొదటి సగము చెప్పి ఊరుకుంటాము. అది నాకు నచ్చదు.

ఈ రోజుల్లో పేపర్లలో సెటిల్మెంట్లు చేసేవాడు అంటే రౌడీ అని అర్థం. అందులోనూ ఒకడు కూర్చుంటాడు, ఇంకొకడి బాకీ తీరకుండానే నోరు మూతపడుతుంది.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇప్పుడు నా సంగతి. పెద్దగా ఉండి సంఘము ముందు ఇది చెప్పడం సులువుగా లేదు. అయినా ఫిబ్రవరిలో మా ప్రార్థన కూటములో చెప్పాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న ఇరవై ఏళ్లు కూలికి చేసి, ఎకరం తరవాత ఎకరంగా మూడెకరాలు కొన్నాడు. మేము ముగ్గురము. అక్క, నేను, తమ్ముడు. నా ట్రైనింగు చదువుకు రెండేళ్లు డబ్బు పంపింది నాట్లకు, కోతలకు వెళ్లిన అక్క. నా చదువు అయ్యేదాకా తన పెళ్లి ఆపమని నాన్నతో తానే చెప్పింది. తరవాత ఆమెను మా సొంత ఊరి వైపు, ప్రకాశం జిల్లాలో ఇచ్చారు. నాన్న వీలునామా రాయకుండానే పోయాడు. 2009లో అమ్మ కూడా ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమము అయిన పదో రోజున నేనూ తమ్ముడూ కూర్చుని, చెరి ఎకరంన్నర అనుకున్నాము. అక్కను రిజిస్ట్రారాఫీసుకు తీసుకువెళ్లి హక్కు వదులుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించాము. నేనే చూపించాను, “ఇక్కడ పెట్టు” అని. ఒక పట్టుచీర, పదివేల రూపాయలు ఇచ్చాను. ఆమె భర్త చనిపోయి అప్పటికి ఏడాది. ఏమీ అనలేదు. బస్సెక్కిస్తుంటే మాత్రం, “అమ్మ బిందె ఒకటి ఇస్తావా” అని అడిగింది. ఇచ్చాను. ఇంటికొచ్చి మా ఇంట్లోవాళ్లతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. “పొలం సంగతి సెటిలైపోయింది” అన్నాను.

పోయిన జనవరిలో నా బల్ల మీద నిఘంటువు, రెండు బైబిళ్లు తెరిచి ఉండగా ఆ వాక్యము నా చెవిలో పడింది. దాన్ని తెలుగులోకి మార్చి చూద్దామనుకున్నాను. పొలం కుదిరింది అనగలను. అది నాకూ తమ్ముడికీ కుదిరింది. అక్క బాకీ తీరింది అని అనడానికి నోరు రాలేదు. పదిహేనేళ్లకు పైగా ఒక ఇంగ్లీషు మాట నా తరపున అబద్ధమాడుతూ వచ్చింది.

మీలో కొందరు అనుకుంటారు, ఆడపిల్లకు కట్నమిచ్చి పంపాము గదా అని. నేనూ అదే అనుకున్నాను. అయితే మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టము. వీలునామా లేకుండా తండ్రి పోతే, భార్యకు మూడో వంతు పోగా మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానమే. కేరళలో మేరీ రాయ్ అనే సహోదరి తన తండ్రి ఆస్తి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు కూడా ఈ చట్టమే వర్తిస్తుందని 1986లో తీర్పు వచ్చింది. మనకు కోర్టుకు వెళ్లే అవసరం కూడా లేదు, చట్టము ముందు నుంచీ స్పష్టంగానే ఉంది. ఇచ్చిన కట్నము వాటాలో జమ అని ఆ చట్టము ఎక్కడా అనలేదు. సంతకం ఉంది కాబట్టి కాగితం ప్రకారం నాది తప్పు కాదు. మోయాబు కూడా కాగితం ప్రకారం నెమ్మదిగానే ఉన్నాడు.

చట్టము సరే, వాక్యము ఏమంటోంది? సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజము ఎదుట నిలువబడి తమ తండ్రి స్వాస్థ్యము అడిగారు. వారు అడిగింది న్యాయమే అని దేవుడే జవాబిచ్చాడు. వారికి సహోదరులు లేరు కాబట్టి ఇచ్చాడు అంటారా? యోబు 42:15 చూడండి. యోబుకు కొడుకులున్నారు. అయినా సహోదరులతో పాటు కుమార్తెలకు కూడా స్వాస్థ్యమిచ్చాడు. అంత శ్రమ గడిచిన తరవాత ఆ మనిషి చేసిన పని ఇది. పేతురు చెప్పిన సెటిల్ ఇలా ఉంటుందేమో!

ఇక జక్కయ్య. మనము పిల్లలకు అతని చెట్టు గురించి చెబుతాము, పొట్టితనము గురించి చెబుతాము. అతడు యెరికోలో బాగా సెటిలైన మనిషి. ఇల్లు ఉంది, ఉద్యోగముంది, ధనముంది. ప్రభువు ఆ ఇంటికే అతిథిగా వచ్చాడు. ఇల్లు కట్టుకుని ప్రభువును పిలిచి కృతజ్ఞతాకూటము పెట్టుకోవడము మనకు కూడా అలవాటే. మా ఇంట్లో పెట్టుకున్నాము. అయితే లూకా 19:8 ఒక చిన్న మాటతో మొదలవుతుంది. జక్కయ్య నిలువబడ్డాడు అని. కూర్చున్నవాడు లేచాడు. లేచి, సగము ఆస్తి బీదలకు అన్నాడు, అన్యాయముగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు అన్నాడు. ప్రభువు నాలుగంతలు అడగలేదు. ఒకంత కూడా అడగలేదు. ఆయన ఇంట్లో ఉండడమే చాలింది. రక్షణ ఈ ఇంటికి వచ్చింది అని ప్రభువు చెప్పింది జక్కయ్య ఆ లెక్క చెప్పిన తరవాతే.

డబ్బు ఇస్తే రక్షణ వస్తుందని నేను అనడం లేదు. మనము బాప్టిస్టులము, కృపచేతనే అని నమ్మినవాళ్లము. కొలొస్సయులకు 2:14లో మన మీదున్న ఋణపత్రమును ప్రభువు సిలువకు మేకులతో కొట్టివేశాడని ఉంది. దేవునికి నేను పడ్డ బాకీ అక్కడ తీరింది, నేను తీర్చలేనిది. కాని ఆ వచనమును చూపించి, అక్కకు నేను పడ్డ బాకీ కూడా తీరిందని అనుకున్నాను. అక్కడే తప్పింది. మత్తయి 5:23లో ప్రభువు ఏమన్నాడు? బలిపీఠము దగ్గర నీ సహోదరునికి నీ మీద ఏదో ఉందని జ్ఞాపకము వస్తే, అర్పణను అక్కడే వదిలి వెళ్లు, ముందు సమాధానపడు అన్నాడు. ఇంకొక సంగతి చెబుతాను, నన్ను ఇది బాగా పట్టుకుంది. యెహెజ్కేలు 43వ అధ్యాయములో దేవాలయపు బలిపీఠము కొలతలున్నాయి. ఆ పీఠానికి చుట్టూ అరుగు లాంటి భాగము ఒకటి ఉంటుంది. దాని పేరు ఆ పాత ఇంగ్లీషు బైబిలులో ఏమిటో తెలుసా? సెటిల్! నేను ప్రతి ఆదివారము చందా పళ్లెము పట్టుకుని నిలబడింది ఆ అరుగు దగ్గరే. అక్క జ్ఞాపకము రాకుండా పదిహేనేళ్లు నిలబడ్డాను.

ఫిబ్రవరి మొదటి వారములో బస్సెక్కి అక్క ఊరు వెళ్లాను. ఆమెకిప్పుడు డెబ్బై దగ్గర. గోడకానుకుని కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను ప్రసంగము చెప్పినట్టు మొదలుపెట్టాను, యిర్మీయా అనీ మడ్డి అనీ. కాసేపు విని, “ఒరే తమ్ముడూ, అసలు సంగతి చెప్పు” అంది. చెప్పాను. నా వాటాలో నుంచి అర ఎకరము నీ పేర రాయిస్తాను, నీకు రావలసిన ఎకరములో నా చేతిలో ఉన్నది అంతే, మిగతా అర తమ్ముడి దగ్గరుంది అన్నాను.

ఆమె చింతపండు పక్కన పెట్టింది. “పొలం మాట తరవాత. అమ్మ పోయిన దగ్గర్నుంచి నువ్వు ఫోనులో నన్ను అక్కా అని పిలవడం మానేశావు. ఎలా ఉన్నారు, బాగున్నారా అంటావు. ఎవరో పరాయివాళ్లతో మాట్లాడినట్టు. నేనేం తప్పు చేశానా అని ఇన్నేళ్లూ అనుకున్నా” అంది.

నేను గమనించనే లేదు. తప్పు చేసినవాడికి తానే దూరం జరుగుతున్నట్టు తెలియదు, అవతలివాళ్లకు తెలుస్తుంది. తీరని బాకీ నా నాలుక మీద కూర్చుని ఆ ఒక్క పిలుపును రానివ్వలేదు. అమ్మ బిందె మూలన ఉంది, కింద కుదురు కూడా ఉంది. ఆ మధ్యాహ్నము అక్క చేతి అన్నము తిన్నాను. వద్దు అని ఆమె అనలేదు, కావాలి అనీ అనలేదు. “పిల్లాణ్ని అడిగి చెబుతా” అంది. వారం తరవాత మేనల్లుడే ఫోను చేశాడు. “మామయ్యా, అమ్మ సరేనంది” అన్నాడు.

మా మనుమరాలికి జవాబు చెప్పాను. సెటిల్ అంటే ఒకటి కుదరడము, ఇంకొకటి తీరడము అని, బిందెను, కుదురును, అప్పుల పుస్తకమును చూపించి చెప్పాను. “మరి ఆ చీటీ వాళ్లకు ఏది కావాలి తాతయ్యా?” అంది. వాళ్లనే అడగమ్మా అన్నాను.

మిమ్మల్నీ అడుగుతున్నాను. ఇల్లు కట్టుకున్నాము, రేషను కార్డు వచ్చింది, పిల్లలు ఇక్కడి భాషలో మనకంటే బాగా మాట్లాడుతున్నారు. దేవునికి స్తోత్రము. యిర్మీయా 29లో చెరలో ఉన్నవారికి ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణము క్షేమము కోరండి అని దేవుడే చెప్పాడు కాబట్టి కుదురుకోవడము పాపము కాదు. కాని ఊళ్లో వదిలి వచ్చిన అక్కచెల్లెళ్ల వాటా ఏమైంది? మనము వచ్చినప్పుడు చవకగా భూమి అమ్మిన స్థానికుని మనుమడు ఈ రోజు మన పొలములో కూలికి వస్తుంటే అతనికి మన కూటములో చోటుందా, కూలి సరిగా ఇస్తున్నామా? సంఘపు స్థలము కొన్నప్పుడు చేబదులు ఇచ్చిన విధవరాలికి తిరిగి ఇచ్చామా, లేక ఆమె అడగడం లేదని అది సెటిలైందా?

అక్క పేర కాగితము వచ్చే నెలలో రాయించాలని అనుకున్నాము. తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు. నేను సంఘములో చెప్పి తనను నలుగురిలో తలదించుకునేలా చేశానని అతని బాధ. అందులో కొంత న్యాయమున్నది. ముందు అతని ఇంటికి వెళ్లి చెప్పి, ఆ తరవాత కూటములో చెప్పి ఉండవలసింది. మత్తయి 5:23 అతని విషయములో కూడా నాకు వర్తిస్తుందని ఇప్పుడు తెలుస్తోంది. ఈ ఆదివారము చందా పళ్లెము వేరొకరికి ఇచ్చి, అతని ఇంటికి వెళుతున్నాను. మా కొరకు ప్రార్థించండి.